పొయ్యి మీద పెట్టే డబ్బు ఫ్రిజ్ మీద పెట్టండి

పోయిన ఆదివారం మా బావమరిది అట్లాంటా నుంచి ఫోన్ చేశాడు. ఏడాదిగా వాడు ఇంట్లో పేల్ ఏల్ అనే రకం బీర్ చేస్తున్నాడు. "బావా, ఇంక అప్‌గ్రేడ్ అవుదామనుకుంటున్నా. ఏ సిస్టమ్ తీసుకోమంటావు?" అంటూ మూడు ఫోటోలు పంపాడు. మూడూ మెరిసిపోతున్న స్టీలు పాత్రలే. అడుగున హీటింగ్ ఎలిమెంట్, పక్కన పంపు, ముందు డిజిటల్ కంట్రోలర్, లోపల గింజలు వేసే బుట్ట. తక్కువది ఐదు వందల డాలర్లు, ఎక్కువది వెయ్యి దాటింది.

ఇప్పుడు నీ బీర్‌లో నీకు నచ్చనిదేంటని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పాడు. "మొదటి గుక్క బాగానే ఉంటుంది బావా. సగం గ్లాసయ్యేసరికి గొంతులో ఏదో మంట. పోయినసారి వచ్చిన రుచి ఈసారి రాదు. రెండు నెలలు పోతే హాప్స్ పూల వాసన పోయి, తడిసిన అట్టపెట్టె నమిలినట్టు ఉంటుంది."

ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ ఆ వెయ్యి డాలర్ల పాత్ర తీర్చదు. ఆ మాటే ఫోన్లో చెప్పాను. వాడు నమ్మలేదు. ఒకప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను, వాడి కోసం, వాడిలాగే కొనబోతున్న మిగతావాళ్ల కోసం.

ఇంట్లో బీర్ చేస్తానని తెలిసిన చుట్టాలు మొదట అడిగే మాట, "ఏంటి, బీర్ కాస్తున్నావంట?" అని. కాచేది సారాని. సారాకి మంటే ప్రాణం. ఆవిరి పట్టి చల్లార్చితేనే అది సారా అవుతుంది. బీర్‌కి ఆ మాట కుదరదు, బీర్‌ని పులియబెడతాం. పొయ్యి దగ్గర పని ఐదారు గంటల్లో అయిపోతుంది. అప్పటికి చేతిలో ఉన్నది బీర్ కాదు, హాప్స్ చేదు కలిసిన తియ్యటి బార్లీ కషాయం. బ్రూ చేసేవాళ్లు దాన్ని వోర్ట్ అంటారు. దాన్ని బీర్ చేసేది ఈస్ట్. అది పనిచేసేది మూతపెట్టిన బకెట్‌లో, మనం ఆఫీసుకి పోయి వచ్చి నిద్రపోయే పది పన్నెండు రోజుల్లో. కానీ పొయ్యి దగ్గర మనం ఉంటాం. ఆవిరి, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాసన, పొంగిపోతుందేమోనన్న హడావిడి, అన్నీ అక్కడే. బకెట్ దగ్గర చూడ్డానికేమీ ఉండదు, మూత మీద గ్యాస్‌ని బయటికి వదిలే ఎయిర్‌లాక్ బుడగలు వేయడం తప్ప. అందుకే మన ధ్యాసంతా, మన డబ్బంతా పొయ్యి వైపు పోతుంది.

ఇడ్లీ పిండి విషయంలో మనలో ఎవరూ ఈ పొరపాటు చేయరు. అమెరికాలో చలికాలం పిండి పొంగకపోతే కొత్త గ్రైండర్ కొనడానికి పరిగెత్తం. గిన్నె తీసుకెళ్లి అవెన్‌లో పెట్టి లైటు వేస్తాం, లేదంటే ఇన్‌స్టంట్ పాట్‌లో యోగర్ట్ బటన్ నొక్కుతాం. తెనాలిలో మా అమ్మ మే నెలలో దీనికి సరిగ్గా ఉల్టా చేసేది. వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి పిండి గిన్నె అందులో కూర్చోబెట్టేది, తెల్లారేసరికి పుల్లగా అయిపోకుండా. తాటిచెట్టు మీద లొట్టిలో పడ్డ కల్లు తెల్లారుజామున తియ్యగా ఉండి ఎండెక్కేకొద్దీ ఎందుకు పులుస్తుందో కల్లుగీత కార్మికుడికి ఒకరు చెప్పక్కర్లేదు. నీరా కావాలంటే ఆయన లొట్టి లోపల సున్నం పూస్తాడు. కత్తి ఎంత మంచిదైనా ఆ పని కత్తి చేయదు. పులిసేదంతా పులిసే చోటు మీద ఆధారపడుతుందని పుట్టినప్పటి నుంచి చూస్తూ పెరిగిన మనం, బీర్ దగ్గరికి వచ్చేసరికి పాత్రల కేటలాగ్ ముందేసుకుని కూర్చుంటాం.

నేనూ అదే చేశాను. డల్లాస్ పక్కన ఉంటాం మేము. మొదట్లో నా దగ్గర ఉన్నవి ఒక పెద్ద స్టీలు పాత్ర, టర్కీ వేయించుకోవడానికి అమ్మే ప్రొపేన్ బర్నర్, ఒక వల సంచి, మూతున్న ప్లాస్టిక్ బకెట్. నా పేల్ ఏల్ రెసిపీ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. 19 లీటర్ల బ్యాచ్‌కి నాలుగున్నర కిలోల టూ-రో పేల్ మాల్ట్, 340 గ్రాముల క్రిస్టల్ 40 అనే ఇంకో రకం మాల్ట్. 67 డిగ్రీల నీళ్లలో గంట నానాలి. అప్పుడు గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. గింజలు తీసేసి గంట మరిగించాలి. మొదట్లో 15 గ్రాముల మాగ్నమ్ హాప్స్ చేదు కోసం, ఆఖరి పది నిమిషాల్లో 28 గ్రాముల కాస్కేడ్ హాప్స్, స్టవ్ కట్టేశాక ఇంకో 56 గ్రాముల కాస్కేడ్ వాసన కోసం. చల్లార్చి ఒక ప్యాకెట్ యూఎస్-05 ఈస్ట్ చల్లాలి. మొదలుపెట్టినప్పుడు చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ 1.052 చూపిస్తుంది, ఆఖరికి 1.011 దగ్గర ఆగుతుంది. అంటే ఐదున్నర శాతానికి కొంచెం తక్కువ ఆల్కహాల్.

గింజలు నానేటప్పుడు పాత్రకి పాత దుప్పటి చుట్టేవాణ్ణి. గంటలో రెండు డిగ్రీలు పడిపోయేది. నా బీర్‌లో లోపమంతా ఆ రెండు డిగ్రీలదేనని గట్టిగా నమ్మాను. తొమ్మిది వందల డాలర్లు పెట్టి ఎలక్ట్రిక్ సిస్టమ్ కొన్నాను. దానికి 240 వోల్టులు కావాలి, గరాజ్‌లో ప్లగ్గు పెట్టించడానికి ఎలక్ట్రీషియన్‌కి ఇంకో మూడు వందలు.

ఆ మొదటి రోజు నాకింకా గుర్తుంది. కంట్రోలర్ 67 అంటే గంటసేపు 67 మీదే ఉంది. పంపు తిప్పుతూ ఉంటే గింజల మీద నుంచి వోర్ట్ తేనెలాగా జారి, పావుగంటకే తేటగా అయిపోయింది. దుప్పటి లేదు, గాలికి ఆరిపోయే మంట లేదు. ఈసారి బీర్ వేరే లెవెల్‌లో ఉంటుందనుకున్నాను. మెట్ల కింద అల్మరాలో, ఎప్పటి చోటే, బకెట్ పెట్టాను. నాలుగు వారాల తర్వాత గ్లాసులో పోసుకుని తాగితే, సగం గ్లాసుకి అదే మంట.

సొంత నాలుక మీద అనుమానం రావడం సహజం. అందుకే జూలైలో ఒక శనివారం పాత పాత్రలో, మర్నాడు ఆదివారం కొత్త సిస్టమ్‌లో, ఒకే బస్తా మాల్ట్, ఒకే ప్యాకెట్ హాప్స్‌తో రెండు బ్యాచ్‌లు చేశాను. రెండు బకెట్లూ ఒకే అల్మరాలో పెట్టాను. లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి ఇంటికొచ్చిన ఎనిమిది మంది స్నేహితులకి ఒక్కొక్కరికి మూడు గ్లాసులు ఇచ్చాను. రెండింట్లో ఒకే బీర్, మూడోదాంట్లో రెండో బీర్. వేరేది ఏదో చెప్పమన్నాను. ఎనిమిది మందిలో ముగ్గురు సరిగ్గా చెప్పారు. కళ్లు మూసుకుని వేలు పెట్టినా మూడింట ఒకరికి తగులుతుంది కదా. పన్నెండు వందల డాలర్ల తేడా ఎవరి నాలుకకీ అందలేదు.

ఆ రోజు వాళ్లలో ఒకాయన, బీర్ గురించి ఏమీ తెలియని పెద్దమనిషి, "రెండింట్లోనూ నెయిల్ పాలిష్ లాంటి ఘాటు ఒకటుందండీ" అన్నారు. ఆ రాత్రే అల్మరా తలుపు తీసి కూర్చున్నాను. లోపల ఇంకో బ్యాచ్ రెండో రోజు పొంగులో ఉంది. హాల్లో థర్మోస్టాట్ 24 డిగ్రీలు చూపిస్తోంది. బకెట్‌కి అంటించిన థర్మామీటర్ పట్టీ మీద పచ్చగా వెలుగుతున్న అంకె 28. చేత్తో తాకితే బకెట్ గోరువెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులాగా.

గదికన్నా బకెట్ వేడిగా ఎందుకుంది? ఈస్ట్ చక్కెరని తింటుంటే వేడి పుడుతుంది. పొంగు మీదున్న 19 లీటర్ల బకెట్ లోపల గది కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. పైగా డల్లాస్ ఎండాకాలంలో కుళాయి నీళ్లే వెచ్చగా వస్తాయి. వోర్ట్‌ని చల్లార్చే రాగి గొట్టం చుట్టలో ఆ నీళ్లు ఎంతసేపు తిప్పినా వోర్ట్ 32 డిగ్రీల కిందికి దిగేది కాదు. ఆ వేడి మీదే ఈస్ట్ చల్లేవాణ్ణి. మొదటి రెండు మూడు రోజులే ఈస్ట్ గబగబా పెరిగే రోజులు. బీర్‌లో ఉండే పళ్ల వాసనలు, ఘాటైన ఫ్యూసెల్ ఆల్కహాల్స్ ఎక్కువ భాగం అప్పుడే పుడతాయి. వేడి ఎక్కువైతే అవి ఎక్కువ పుడతాయి. ఆ తర్వాత ఎన్ని నెలలు దాచినా ఆ మంట పోదు. దుప్పటి చుట్టిన పాత్రలో రెండు డిగ్రీల కోసం ఏడ్చిన నేను, అల్మరాలో పది డిగ్రీల తేడాని చూడనే లేదు.

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో 80 డాలర్లకి ఒక పాత ఫ్రిజ్ దొరికింది. వేడిని బట్టి కరెంటు వేసి ఆపే, రెండు సాకెట్లున్న ఇంక్‌బర్డ్ కంట్రోలర్ 35 డాలర్లు. ఒక సాకెట్‌కి ఫ్రిజ్, రెండోదానికి బకెట్‌కి చుట్టే హీటింగ్ బెల్ట్. మా గరాజ్ ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, జనవరిలో గడ్డకట్టే చలి, రెండూ కావాలి. కంట్రోలర్ తీగ చివర ఉండే ప్రోబ్‌ని ఫ్రిజ్ గాల్లో వేలాడదీయకూడదు, బకెట్ గోడకి ఆనించి, మీద నాలుగు మడతల బబుల్ ర్యాప్ పెట్టి టేపు వేయాలి. అప్పుడే అది గాలిని కాదు, బీర్‌ని కొలుస్తుంది. కుళాయి నీళ్లతో 32 దాకా దించి, బకెట్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లారి 17కి వచ్చాక ఈస్ట్ చల్లుతాను. నాలుగు రోజులు 18 మీద. పొంగు తగ్గేటప్పుడు 21కి పెంచుతాను, ఈస్ట్ తను వదిలిన వెన్న వాసనని తనే తినేసేలా. పదో రోజుకి పని అయిపోతుంది.

సెప్టెంబరు చివర్లో ఒకే బ్యాచ్ చేసి రెండు బకెట్లలో సగం సగం పోశాను. ఒకటి అల్మరాలో, ఒకటి ఫ్రిజ్‌లో. పాత్ర ఒకటే, హాప్స్ ఒకటే, ఈస్ట్ ఒకటే. థాంక్స్‌గివింగ్‌కి అదే ఎనిమిది మందికి అదే మూడు గ్లాసుల పరీక్ష పెట్టాను. ఏడుగురు సరిగ్గా చెప్పారు. అడక్కుండానే ఫ్రిజ్ బీర్ ఉన్న జగ్గు ముందు ఖాళీ అయింది. మొదటిసారి నా బీర్‌లో కాస్కేడ్ వాసన నాకు విడిగా వినిపించినట్టు తెలిసింది. పంపరపనస తొక్క గోటితో గిల్లితే చిమ్మే నూనె వాసన అది. ముందు బ్యాచ్‌లలోనూ అంతే హాప్స్ వేశాను. ఘాటు కింద పడి కనిపించలేదు, అంతే.

పెద్ద బ్రూవరీలకి ఇది వందల ఏళ్ల కిందటే తెలుసు. బవేరియాలో 1553లో ఏకంగా ఆజ్ఞే వేశారు, బీర్ చేయడం సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకే, వేసవిలో కుదరదని. ఈస్ట్ అనే జీవి ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. వేడిలో పులిసిన బీర్ బాగుండదని మాత్రం తెలుసు. 1870లలో కార్ల్ వాన్ లిండే శీతలీకరణ యంత్రం తయారు చేసినప్పుడు దాన్ని ముందుగా పెట్టి చూసిన చోటు మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ. మన ఇళ్లలో ఫ్రిజ్ రావడానికి ఎన్నో ఏళ్ల ముందే బ్రూవరీలు చల్లదనం మీద డబ్బు పోశాయి. మరో వైపు చూడండి. మనమంతా చేసే అమెరికన్ పేల్ ఏల్‌కి దారి చూపించింది సియెర్రా నెవాడా అనే బ్రూవరీ. కెన్ గ్రాస్‌మన్, పాల్ కమూసీ కలిసి కాలిఫోర్నియాలోని చికోలో డెయిరీలు వదిలేసిన పాత ట్యాంకులు తెచ్చి, వెల్డింగ్ చేసుకుని, 1980లో మొదటి బ్యాచ్ చేశారు. ఒక పేల్ ఏల్ బ్యాచ్‌కి ఇంకో బ్యాచ్‌కి పోలిక కుదరలేదని, కుదిరేదాకా పారబోస్తూ పోయారు. ఆ తిప్పలు పులియబెట్టే దగ్గరే. పాల ట్యాంకులు వాళ్లకేం అడ్డం కాలేదు.

ఇక బావమరిది చెప్పిన మూడోది, అట్టపెట్టె రుచి. ఇది వేడి వల్ల వచ్చేది కాదు, గాలి వల్ల వచ్చేది. ఈస్ట్ చల్లేముందు వోర్ట్‌కి ఆక్సిజన్ కావాలి. పులిసిన తర్వాత చుక్క కూడా పనికిరాదు. పేల్ ఏల్‌కి మరీను, ఎందుకంటే ముందుగా పోయేది హాప్స్ వాసనే. బకెట్ నుంచి గొట్టం పెట్టి సీసాల్లోకి గలగలా ఒంపితే, ఆ గలగలలోనే గాలి కలుస్తుంది. రెండు నెలల్లో తేనె రంగు కాస్తా డికాక్షన్ రంగుకి తిరుగుతుంది. నేను పాత సోడా కంపెనీలు వాడిన స్టీలు పీపా, అంటే కెగ్, ఒకటి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఒకటి కొన్నాను. కెగ్ నిండా శానిటైజర్ నీళ్లు నింపి, సిలిండర్ గ్యాస్‌తో ఆ నీళ్లని పూర్తిగా బయటికి తోసేస్తే లోపల మిగిలేది గ్యాసే. అప్పుడు బీర్‌ని కెగ్ అడుగు దాకా వెళ్లే గొట్టం గుండా నెమ్మదిగా ఎక్కించాలి. ఫ్రిజ్‌లో 10 నుంచి 12 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర ఒక వారం ఉంచితే బీర్‌లో గ్యాస్ కలుస్తుంది. ఇలా చేసిన బీర్ మూడో నెలలో కూడా మొదటి వారం లాగానే ఉంది. మూత తీసి "ఒక్కసారి చూద్దాం" అనుకునే అలవాటు కూడా మానుకున్నాను. అది మానడం కెగ్ కొనడం కన్నా కష్టమైంది.

అన్నిటికన్నా చవకైన అప్‌గ్రేడ్ ఒకటుంది, దాన్ని ఎవరూ ఫోటో తీసి పంపరు. మా ఊరి కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి కలిపే క్లోరమిన్ ఉంటుంది. మరిగిస్తే తేలిగ్గా పోయేది కాదు. అది మాల్ట్‌తో కలిస్తే గాయానికి వేసే ప్లాస్టర్ వాసన వస్తుంది. కాంప్డెన్ అనే సల్ఫైట్ టాబ్లెట్‌లో సగం నలిపి వేస్తే బ్యాచ్‌కి కావలసిన నీళ్లన్నీ బాగుపడతాయి. ఖర్చు సెంట్లలో.

ఎలక్ట్రిక్ సిస్టమ్ అమ్మేశానా? లేదు. ఇప్పటికీ దాంతోనే చేస్తున్నాను. నడుము వంచి బరువైన పాత్ర ఎత్తే పని తప్పింది. మంట దగ్గర కాపలా ఉండక్కర్లేదు, ముందు రోజు రాత్రి టైమర్ పెడితే పొద్దున లేచేసరికి నీళ్లు వేడెక్కి ఉంటాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో ప్రొపేన్ మంట లేకపోవడం చిన్న విషయం కాదు, మా ఆవిడ ఆ ఒక్క కారణానికే అది కొన్నందుకు సంతోషించింది. సౌకర్యానికి డబ్బు పెట్టడంలో తప్పు లేదు. నాకు అభ్యంతరమల్లా సౌకర్యాన్ని రుచి పేరుతో అమ్మడం. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాడు వెయ్యి డాలర్లు పోసి, అదే మంట మళ్లీ తాగి, "నాకు చేతకాదు" అని బకెట్ అటకెక్కించడం నేను రెండు మూడు ఇళ్లలో చూశాను. వాళ్లకి చేతకాక కాదు. ఎవరూ వాళ్లని బకెట్ మీద చెయ్యి పెట్టి చూడమనలేదు.

ఫ్రిజ్‌కి కూడా చోటు లేని అపార్ట్‌మెంట్ అయితే మా అమ్మ బేసిన్ ఉంది. పిల్లల స్నానాల తొట్టిలాంటిది తెచ్చి, బకెట్‌ని నీళ్లలో సగం దాకా దించి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు పొద్దునా సాయంత్రం మార్చండి. నీళ్లు గాల్లాగా తొందరగా వేడెక్కవు. మొదటి నాలుగు రోజులు ఇలా 19, 20 మధ్య పట్టుకున్నా చాలు. ఫ్రిజ్ అంత నిలకడ రాదు గానీ అల్మరాకీ దీనికీ పోలికే లేదు. ఒక స్నేహితుడు రెండేళ్లు ఇలాగే చేశాడు, అతని పేల్ ఏల్ నేను అడిగి పోయించుకునేవాణ్ణి.

ఇదంతా ఇండియాలో ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక మాట. ఇక్కడ అమెరికాలో 1978 నాటి ఫెడరల్ చట్టం ఇంట్లో బీర్ చేసుకోవడానికి ఒప్పుకుంటుంది. పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకూడదు. మన రాష్ట్రాల్లో ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో చేయకూడదు. ఇడ్లీ పిండికి మాత్రం పైన రాసినదంతా పనికొస్తుంది.

నిన్న సాయంత్రం బావమరిది మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి వీడియోలో. ఎవరిదో గరాజ్‌లో ఒక తెల్ల ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నాడు. 70 డాలర్లు చెబుతున్నారట. "అరలన్నీ తీసేసి చూపించు" అన్నాను. తీశాడు. పాత ఫ్రిజ్‌లలో వెనక అడుగున కంప్రెసర్ కోసం ఒక మెట్టు ఉంటుంది, అసలు తంటా దాంతోనే. చాలామంది ఇంటికి తెచ్చుకున్నాక బకెట్ ఆ మెట్టుకి తగిలి తలుపు పడక తిరిగి అమ్ముకుంటారు. బకెట్ మూత దగ్గర 31 సెంటీమీటర్లు. "మెట్టు నుంచి తలుపు దాకా కొలిచి చూడు. తలుపు లోపలి ప్లాస్టిక్ అరలు కూడా లెక్కలో వేసుకో" అన్నాను. వాడు వంగి టేపు పెట్టి, ఫోన్ దగ్గరికి తెచ్చి చూపించాడు. 34.

"ప్లగ్గులో పెట్టి ఒక అరగంట ఆగు. లోపల చెయ్యి పెడితే చల్లగా తగలాలి" అన్నాను. వాడు అక్కడే ఒక బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.